రోగమును దాచుట మర్యాద కాదు

మన సంఘపు కార్యవర్గము కడపటిసారి కూడినప్పుడు ఒక చిన్న ప్రతిపాదన చర్చకు వచ్చెను. ఉగాది ఉత్సవమునకు తీసియుంచిన సొమ్ములో కొంత భాగముతో, సభ్యుల కుటుంబములలో నలువది యేండ్లు దాటిన వారందరికిని రక్తపుపోటు చూపించి, మూత్రమును రక్తమును పరీక్ష చేయించి, వారి మూత్రపిండములు సరిగా పనిచేయుచున్నవో లేదో తెలిసికొనవలెననియు, ఆ ఫలితములను తెలుగులో వ్రాసి ఇంటింటికి అందజేయవలెననియు దాని సారాంశము. ఆ ప్రతిపాదన వీగిపోయెను.

వీగిపోయినందుకు మాకు బాధ లేదు. సంఘములన్న పిదప ఎన్నియో ప్రతిపాదనలు వచ్చును, ఎన్నియో పోవును. దానిని త్రోసిపుచ్చుటకు పెద్దలు చెప్పిన కారణములే మాకు బాధ కలిగించినవి. “ఇది భాషా సంఘము గాని ఆసుపత్రి కాదు” అని ఒకరు. “అది ఉద్దానము వారి జబ్బు, మనకెందుకు” అని ఇంకొకరు. “నిక్షేపముగా తిరుగువారికి పరీక్ష లేమిటి” అని వేరొకరు. “పెండ్లికెదిగిన పిల్లలున్న ఇండ్లు; ఏదైన బయటపడినచో ఆ పిల్లల గతి యేమి” అని మరియొకరు. ఈ చివరి మాట మిక్కిలి మెల్లగా చెప్పబడినది గాని, చేతులెత్తించినది మాత్రము అదియే. ఈ నాలుగు మాటలకును వరుసగా సమాధానము చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

మొదట “నిక్షేపముగా తిరుగువారికి పరీక్ష లేమిటి” అను మాటను చూతము. ఈ ప్రశ్న అడిగినవారికి మూత్రపిండముల స్వభావము తెలియదని చెప్పవలసియున్నది. ప్రక్కటెముకల అడుగున, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికెడు ప్రమాణమున నుండు ఈ రెండు అవయవములలో ఒక్కొక్కదానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములు కలవు. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, దానిలో ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రముగా వెలికిపంపి, తక్కినదంతయు మరల రక్తమునకు చేర్చును. మలినములను తీయుట మాత్రమే వీని పని యనుకొనరాదు. దేహములోని ఉప్పును నీటిని తూచియుంచునవి ఇవియే. రక్తపుపోటును అదుపున నుంచునవి ఇవియే. ఎముకలకు కావలసిన విటమిన్ డి నుపయోగమునకు తెచ్చునవియు, ఎఱ్ఱ రక్తకణములను పుట్టింపుమని ఎముక మజ్జకు ఆజ్ఞ పంపునవియు ఇవియే.

ఇంత పనిచేయు అవయవము తన కష్టమును చెప్పుకొనదు. పంటికి పోటు వచ్చినచో రాత్రియెల్ల నిద్ర పట్టదు. మూత్రపిండముల శక్తిలో సగము పోయినను మనిషి యథాప్రకారము భోజనము చేయును, పనికి పోవును, పెండ్లిండ్లకు పోవును. పాదముల వాపు, ఉదయమున ముఖము ఉబ్బుట, ఆకలి మందగించుట, వికారము, దురద, ఆయాసము, మొగము పాలిపోవుట మొదలగు లక్షణములు కనబడునప్పటికి మిగిలియున్నది చాల కొంచెము. ఆ లక్షణములకును మన ఇండ్లలో వేరు పేర్లు సిద్ధముగా నుండును. వాపునకు నీరసమనియు, వికారమునకు పైత్యమనియు, ఆయాసమునకు వయసనియు పేరు పెట్టి ఇంకొక ఆరు మాసములు గడుపుదుము. కనుక నిక్షేపముగా తిరుగుచున్నప్పుడే ఈ పరీక్ష చేయవలెను. మంచము పట్టిన పిదప చేయు పరీక్ష చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వంటిది.

మేము ఇది పుస్తకములు చదివి వ్రాయుట లేదు. మా పినతండ్రిగారికి మోకాళ్ళ నొప్పులుండెడివి. వీధి చివర అర్హతలేని ఒక మందులాయన వారమునకొక సూది వేసి, చీటీ లేకుండ బిళ్ళలు ఇచ్చెడివాడు. అట్లు ఏడేండ్లు గడచెను. పాదములు వాచినప్పుడు “గ్యాసు పట్టేసిందిరా, అంతే” అని మా పినతండ్రిగారే చెప్పెడివారు. తుదకు ఊపిరాడక ఆసుపత్రికి కొనిపోయిన రాత్రి రక్తములోని క్రియేటినిన్ 9 దాటియుండెను. పదునాలుగు మాసములు డయాలిసిస్ మీద నుండి కాలధర్మము నొందిరి. దినవారములు ముగిసిన పిదప ఆయన ఇనుప పెట్టెలోని కాగితములు సర్దుచుండగా, నాలుగేండ్లకు పూర్వపు పరీక్ష చీటీ యొకటి కనబడెను. కంటి శస్త్రచికిత్సకు ముందు చేయించినది. అందు క్రియేటినిన్ 1.9 అని ఇంగ్లీషులో అచ్చుపడి, ప్రక్కన చుక్క గుర్తు పెట్టియుండెను. దానిని చదివి చెప్పినవారు లేరు. మా పిన్నిగారికి తెలుగు తప్ప వేరు లిపి రాదు. మనుమలకు ఒడియాయు ఇంగ్లీషును వచ్చును గాని అది తాతగారి పెట్టెలోని కాగితము, వారి కంటబడలేదు. ఆ నాలుగేండ్లలో సూది మాన్పించి, రక్తపుపోటునకు బిళ్ళ పెట్టించియున్నచో ఏమగునో మేము నిశ్చయముగా చెప్పలేము. ప్రయత్నించుటకు నాలుగేండ్ల గడువు చేతిలో నుండెనని మాత్రము చెప్పగలము.

ఇదియే “భాషా సంఘము గాని ఆసుపత్రి కాదు” అను మాటకు మా సమాధానము. అయ్యా, ఆ చీటీ చదువబడకపోవుట భాషా సమస్య కాదా? పెద్దలకు తెలుగు మాత్రమే వచ్చి పిన్నలకు తెలుగు చదువ రాని ఇండ్లు మనవి. ఆ పెద్దవారికిని పిన్నలకును నడుమ పడి ఒక మనుష్యుని ప్రాణము పోయినచో, అది సాహిత్య సభలలో మాత్రమే చర్చింపవలసిన విషయమా? రాజ్యాంగము 350వ అధికరణమున, ఏ పౌరుడైనను తన కష్టమును రాష్ట్రములోగాని కేంద్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ప్రభుత్వాధికారికి విన్నవించుకొనవచ్చునని హక్కు ఇచ్చినది. 1956లో చేర్చిన 350ఏ, 350బీ అధికరణములు ప్రాథమిక విద్యను గూర్చియు, భాషా అల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని గూర్చియు చెప్పుచున్నవి. జిల్లాలోగాని అంతకంటె చిన్న ప్రాంతములోగాని జనసంఖ్యలో నూటికి 15 మందియైన మాటలాడు భాషలోనికి ముఖ్యమైన ప్రకటనలను అనువదించి ప్రచురింపవలెనని అంగీకృతమైన రక్షణ కలదు. ఈ రక్షణలను మనము బడి కొరకును, ఉపాధ్యాయుని కొరకును, పాఠ్యపుస్తకము కొరకును ఉపయోగించితిమి, మంచిదే. ఆసుపత్రి గోడ మీది సూచన కొరకు ఎన్నడైన ఉపయోగించితిమా? డయాలిసిస్ రోగి ఏమి తినరాదో తెలుపు కాగితము తెలుగులో కావలెనని ఒక్క అర్జీయైన పెట్టితిమా? పెట్టలేదు. తప్పు ప్రభుత్వమునందు కొంత, మనయందు అంతకంటె ఎక్కువ.

ఇక “ఉద్దానము వారి జబ్బు” అను మాట. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్చాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములు గల ఆ పచ్చని కొబ్బరి జీడిమామిడి తోటల సీమలో మూత్రపిండముల వ్యాధి 1990వ దశాబ్దము నుండియు వైద్యుల దృష్టికి వచ్చినది. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన, అచ్చట పరీక్షింపబడిన పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి ఈ దీర్ఘవ్యాధి యున్నదని చూపెను. వారిలో ఎక్కువమందికి చక్కెర వ్యాధిగాని మరియే తెలిసిన కారణముగాని కానరాలేదు. నీటిలోని సిలికా యనియు, పురుగుమందులనియు, ఎండలో చెమటోడ్చి చాలినంత నీరు త్రాగకపోవుటయనియు, నొప్పి బిళ్ళలనియు అనేక అనుమానములు చెప్పబడినవి. ఏ ఒక్కటియు నేటికిని రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య మండలములోని వరి రైతులకును, మధ్య అమెరికా చెరకు తోటల కూలీలకును ఇటువంటి వ్యాధియే వచ్చుచున్నది. మన ఒడిశాలోనే కటకము జిల్లా బడంబ, నరసింగపురము ప్రాంతములలో ఇట్టి బాధ యున్నది. ఇది ఏ ఒక్క భాషవారికిని, ఏ ఒక్క కులమువారికిని వచ్చిన శాపము కాదు.

ఇచ్చాపురము దాటి కొన్ని మైళ్లు వచ్చినచో బరంపురము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగ నేర్పడినప్పుడు గీయబడిన గీత ఆ నడుమ పోవుచున్నది. ఆ గీతకు ముందు మన తాతలును వారి తాతలును ఒకే గంజాము జిల్లావారు. నేటికిని మన ఆడపడుచులు కవిటిలో కాపురమున్నారు. వారి కోడండ్రు మన ఇండ్లనుండి పోయినవారు. చెమటోడ్చి పనిచేయువారు ఇటును కలరు, అటును కలరు. వ్యాధికి గీత తెలియదు. గీత తెలిసినది సహాయమునకు మాత్రమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డయాలిసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచెను. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రముతో కూడిన 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యెను. హిరమండలము జలాశయమునుండి ఉద్దానము పల్లెలకు త్రాగునీరు గొట్టములలో తెచ్చిరి. ఇవి ఆ సీమవారు ఏండ్ల తరబడి గొంతెత్తి అడుగగా వచ్చినవి. మనము అడుగలేదు. పైగా అది వారి జబ్బని దూరముగా నిలుచుచున్నాము.

అది అట్లుండగా, ఉద్దానపు వ్యాధిని పూర్తిగా మరచినను మనకు విముక్తి లేదు. దేశములో మూత్రపిండములు చెడుటకు ప్రధాన కారణములు రెండు: చక్కెర వ్యాధి, రక్తపుపోటు. ఈ రెండును లేని తెలుగిల్లు బళ్ళారిలో నున్నదా? కోయంబత్తూరులో నున్నదా? షోలాపురపు నేతవారి పేటలలో నున్నదా? యానాములో నున్నదా? ఇవిగాక మూత్రపిండములలోని వడపోత భాగము వాచుట, వంశపారంపర్యముగా తిత్తులు ఏర్పడుట, రాళ్ళచేతగాని ప్రోస్టేటు గ్రంథి పెరుగుటచేతగాని మూత్రమునకు అడ్డు కలుగుట మొదలగు కారణములు కలవు. వాంతులు, భేదులు, పాముకాటు మొదలగువాని వలన మూత్రపిండములు అకస్మాత్తుగా చెడుటయు కలదు. సకాలమున చికిత్స జరిగినచో అట్టివి తరచుగా మరల కోలుకొనును. రాయి పడినదని విన్నంతనే మూత్రపిండము పోయినదని ఏడ్చుటయు, రాయి లేదని విన్నంతనే మూత్రపిండము బాగున్నదని సంతోషించుటయు రెండును పొరపాట్లే. స్కానింగులో రాయి లేకున్నను వడపోత శక్తి క్షీణించియుండవచ్చును.

మనము మన చేతులతో తెచ్చుకొను కారణములను గూర్చి మొగమాటము లేక చెప్పవలెను. మొదటిది నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగువానిని వైద్యుని యాజ్ఞ లేక నెలల తరబడి వాడినచో మూత్రపిండములకు రక్తప్రసారము తగ్గి కీడు కలుగును. ఎండలో పనిచేసి చెమటతో దేహము ఎండియున్న దినమున వాడుట మరియు ప్రమాదకరము. రెండవది ఊరుపేరు లేని భస్మములు, పొడులు. ఆయుర్వేదమును మేము నిందించుట లేదు. చదువుకొన్న వైద్యుడు గుర్తింపుగల శాల మందు ఇచ్చుట వేరు, సంతలో పొట్లము కట్టి అమ్ముట వేరు. అట్టి పొడులలో కొన్నింటియందు పాదరసము, సీసము కానవచ్చినవి. కొన్ని మూలికలే మూత్రపిండములకు విషములు. మూడవది ఉప్పు. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, తక్కువగా వాడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన కంచములో ఆవకాయ, అప్పడము, వడియము, ఎండుచేప, ఊరమిరపకాయ, మజ్జిగలో మరల చిటికెడు! ఆవకాయ తెలుగువారి అభిమానమే; అభిమానమునకు కూడ ఒక కొలత యుండుట మేలు.

పరీక్షలు చాల చిన్నవి. మొదట రక్తపుపోటు. రెండవది మూత్రములో అల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్నదా యని చూచుట. క్రియేటినిన్‌తో పోల్చి చూచినప్పుడు గ్రాముకు 30 మిల్లిగ్రాములు దాటరాదు. మూడవది రక్తములో క్రియేటినిన్ ఎంతయున్నదో చూచి, వయస్సును స్త్రీపురుష భేదమును కలిపి వడపోత శక్తిని లెక్కించుట. మూత్ర పరీక్ష ఒక్కటి చాలదు. ఏలన ఉద్దానపు వ్యాధివంటి దానిలో మూత్రమున అల్బుమిన్ చాల స్వల్పముగా నుండవచ్చును. క్రియేటినిన్ అంకె యొక్కటియు చాలదు. చీటీలో 1.2 అని యున్నచో “నార్మల్” అని సంతోషించుచుందుము. అదే 1.2 ఇరువదియైదేండ్ల యువకునకు 86 వడపోత శక్తిని, అరువదియైదేండ్ల స్త్రీకి సుమారు 50ని సూచించును. ఆ శక్తి మూడు మాసములకు మించి 60కి తక్కువగా నున్నచో అది దీర్ఘవ్యాధి. 15కు తగ్గినచో మూత్రపిండములు విఫలమైనవని అర్థము. అనగా ఒకే అంకె మనుమనికి ఆరోగ్యము, అమ్మమ్మకు రోగము. ఈ మాట తెలుగులో చెప్పువారు లేకనే మన అమ్మమ్మలు మోసపోవుచున్నారు.

ముందుగా కనుగొన్నచో చేయదగినది ఎంతయో కలదు. రక్తపుపోటును అదుపున నుంచుట, చక్కెరను అదుపున నుంచుట, ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట మొదటి మెట్టు. ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులు పోటును తగ్గించుటయే గాక, అల్బుమిన్ పోవువారిలో మూత్రపిండములను కాపాడును. చక్కెర వ్యాధికై కనుగొనబడిన డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెర వ్యాధి లేని మూత్రపిండ రోగులలో కూడ క్షీణతను మందగింపజేయునని 2020 నుండి వెలువడిన పరీక్షలు నిరూపించినవి. ఇవి నేడు మన దేశములోనే తయారై చౌకగా దొరకుచున్నవి. ఏది ఎవరికి తగునో వైద్యుడు నిర్ణయింపవలెను. పొరుగువాని చీటీ చూచి కొనరాదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట మన యిష్టము.

గొడ్డలి ఎట్టిదో వినుడు. వారమునకు మూడు మారులు, మారునకు నాలుగు గంటలు: సంవత్సరమునకు 156 మారులు యంత్రము ప్రక్కన పరుండుట. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఇది ఉచితము. ఉచితమన్నది యంత్రమే గాని, బండి కూలియు, తోడు పోయినవాని దినకూలియు కావు. ఈ దశలో తెలియని సలహా విషము. “మూత్రపిండములకు చలువ” యని కొబ్బరినీళ్ళు త్రాగించు ఇండ్లు మనకు తెలియును. కొబ్బరినీటిలో పొటాషియము మెండు. చెడిన మూత్రపిండములు దానిని వెలికిపంపలేవు. అది రక్తములో పెరిగి గుండెనే ఆపివేయవచ్చును. “నీరు బాగుగా త్రాగుము” అనుట ఆరోగ్యవంతునకును, రాళ్ళు పడువానికిని మంచి సలహాయే. మూత్రము తగ్గిపోయిన రోగికి అదే నీరు ఊపిరితిత్తులలో నిండును. ఈ రెండు వాక్యములు పెద్ద అక్షరములతో తెలుగులో అచ్చువేసి ఇచ్చుటకు సంఘమునకు ఎంత వ్యయమగును?

ఇక మూత్రపిండ మార్పిడి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో అది జరిగిన నాటి నుండి మన దేశములో ఈ చికిత్స వేళ్ళూనినది. బ్రదికియుండి ఇచ్చువారు సాధారణముగా దగ్గరి బంధువులై యుండవలెనని 1994 నాటి చట్టము చెప్పుచున్నది. తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు, భార్యాభర్తలకు తోడు 2011 సవరణలో తాతామామ్మలను, మనుమలను చేర్చిరి. బ్రదికియుండి ఇచ్చువారిలో స్త్రీలే అధికులు, పుచ్చుకొనువారిలో పురుషులే అధికులు. భార్య ఇచ్చును, తల్లి ఇచ్చును. ఆమెకే వ్యాధి వచ్చిన దినమున వరుస తారుమారు కాదు. ఆడువారి పరీక్షను చిట్టచివరకు త్రోయు ఇండ్లలోనే వారి మూత్రపిండము మొట్టమొదట గుర్తుకు వచ్చుట ఏ ధర్మము? మరణించినవారి నుండి అవయవము పొందుటకు పేరు నమోదు చేసికొనుటలో స్థానిక నివాసపు నిబంధన ఉండరాదని కేంద్ర ప్రభుత్వము 2023లో రాష్ట్రములకు తెలిపినది. పుట్టిన రాష్ట్రమొకటి, భాష యొకటి, బ్రదుకు వేరొకచోటునైన మనవంటివారు ఈ సంగతిని మొదట తెలిసికొనవలసినవారు. మనలో ఎందరికి తెలియును?

చిట్టచివరకు ఆ మెల్లని మాట: పెండ్లికెదిగిన పిల్లల సంగతి. దీనిని మేము పరిహసింపము. మనది చిన్న సమాజము. సంబంధములు వెదకుటయే కష్టము. ఒక ఇంటి వార్త ఊరంతయు చేరుటకు ఒక పూట చాలును. ఉద్దానములో “ఆ ఊరి సంబంధము వద్దు” అను మాట వినబడుచున్న సంగతి మనమెరుగుదుము. ఆ భయము నిజమైనదే. కావున పరీక్షాఫలితములు మూసిన కవరులో ఆ మనుష్యుని చేతికే ఇయ్యవలెను, సంఘము వద్ద ఒక్క పేరైన నిలువ చేయరాదు. ప్రతిపాదనలో ఈ నియమము లేకుండుట లోపమే. దానిని మేము ఒప్పుకొనుచున్నాము.

కాని దాచుటవలన పిల్లకు మేలు కలుగునను మాటను మాత్రము ఒప్పుకొనజాలము. ఈ వ్యాధులలో అధిక భాగము వంశపారంపర్యము కాదు. తండ్రికి చక్కెర వలన మూత్రపిండము చెడినంతమాత్రమున కుమార్తెకు దోషమేమియు లేదు. వంశపారంపర్యమైన తిత్తుల వ్యాధియే యైనచో, అది తెలిసికొనుట ఆ పిల్లకే అత్యవసరము. ఆమె గర్భవతియైనప్పుడు రక్తపుపోటును ఎట్లు కనిపెట్టవలెనో వైద్యునకు ముందుగా తెలియవలెను. పరీక్ష చేయించుకొననిచో వ్యాధి లేకుండ పోవునా? పెండ్లి పందిరిలో దాగిన వ్యాధి, పెండ్లియైన మూడవ యేట డయాలిసిస్ గదిలో బయటపడదా? అప్పుడు పోవునది గుట్టు మాత్రమే కాదు. పొలము, నగలు, తమ్ముని చదువు, తుదకు మనిషి. నలుగురును పరీక్ష చేయించుకొనునప్పుడు ఒకరికి అవమానము లేదు. ఒక్కరే రహస్యముగా పోయినప్పుడే గుసగుసలు పుట్టును. పెద్దలందరు ముందుగా వరుసలో నిలిచినచో పిల్లల పేరు ఎవరును ఎత్తరు. ఈ కారణము చేతనే దీనిని సంఘమే చేయవలెనని మేము వాదించుచున్నాము.

“ఇది ప్రభుత్వము చేయవలసిన పని” యని చెప్పువారును కలరు. నిజమే. ప్రభుత్వము చేయవలసిన పనియే. రక్తపుపోటునకు, చక్కెరకు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో జరుగుచున్నవి. అక్కడికి మనవారిని కొనిపోవువాడెవడు? అక్కడ వ్రాసి యిచ్చిన కాగితమును చదివి చెప్పువాడెవడు? మన బడుల కొరకు తెలుగు పంతులు కావలెనని ప్రభుత్వమును అడుగుచునే, పంతులు వచ్చువరకు మన అరుగుల మీద పిల్లలకు అక్షరములు దిద్దించితిమి గదా. ఆనాడు ఇది ప్రభుత్వపు పని యని చేతులు కట్టుకొని కూర్చున్నచో నేడు ఈ పత్రికను చదువువారుందురా?

కావున ప్రతిపాదనను ఈ క్రింది రూపమున మరల తెచ్చుచున్నాము. నలువది దాటిన వారందరికిని, వయస్సుతో పనిలేక చక్కెర, రక్తపుపోటు, ఇంటిలో మూత్రపిండ వ్యాధి గలవారికిని, ఏటేట ఈ మూడు పరీక్షలు ప్రభుత్వాసుపత్రి సహాయముతో జరుపవలెను. ఫలితము మూసిన కవరులో, తెలుగులో, వడపోత శక్తి లెక్కతో సహా ఆ మనిషికి మాత్రమే అందవలెను. తెలుగు చదువ వచ్చిన యువకులు వారమున కొకసారి సంఘ భవనమున కూర్చుండి, ఎవరు ఏ చీటీ తెచ్చినను చదివి చెప్పవలెను. మందు మాత్రము చెప్పరాదు, వైద్యునొద్దకు పంపవలెను. డయాలిసిస్ రోగుల ఆహార నియమములు తెలుగులో ఇయ్యవలెనని ఆరోగ్య శాఖకు 350వ అధికరణమును ఉదహరించి, తెలుగులోనే అర్జీ పంపవలెను.

ఉగాది కవిసమ్మేళనము ఒక యేడు కొంచెము చిన్నదైనను భాషకు లోటు రాదు. భాష పండితుల గ్రంథములలో మాత్రమే బ్రదుకదు; మా పిన్నిగారి వంటి లక్షలమంది నోట బ్రదుకును. వారు బ్రదికియుండుట భాషకు మొదటి అవసరము.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ ప్రతిపాదన మరల వచ్చును. ఇష్టము లేనివారు వ్యతిరేకింపవచ్చును. అది వారి హక్కు. కాని ఈసారి తమ కారణమును అందరికిని వినబడునట్లు, బిగ్గరగా చెప్పవలెనని మా విన్నపము.